కాలమును దేవుని సొత్తుగా నెంచిన ఫ్లారెన్సు నైటింగేలు

ధ్యానమునకు: మార్కు 1:32-38, మార్కు 6:30-32, ఎఫెసీ 5:15-17



గత నెలలో మేము మా సంఘములోని ఒక కుమార్తెను చూచుటకై హైదరాబాదు నగరమందలి నానక్‌రామ్‌గూడకు వెళ్లితిమి. ఆ బిడ్డ నర్సింగు మూడవ సంవత్సరము చదువుచు, ఆ ప్రాంతములోని ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు డ్యూటీ చేయుచున్నది. నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు బండరాళ్ల మధ్యనున్న చిన్న పల్లె. ఇప్పుడచ్చట ఎటు చూచినను అద్దాల మేడలే. అమెరికా దేశములో పగలుగా నున్నప్పుడు ఇచ్చట రాత్రి మేలుకొని ఆ దేశపువారి పని చేయువారు అనేకులు. నడిరాత్రియందును కార్లు తిరుగుచునే యుండును. గడియారము చూచుకొని పరుగెత్తని మనుష్యుడు ఆ వీధులలో మాకు కనబడలేదు.

ఆ బిడ్డకు దొరికిన తీరిక ఇరువది నిమిషములు. గేటు ఎదుట టీ కొట్టు బల్లమీద కూర్చుంటిమి. ఆ ఇరువది నిమిషములలో ఆమె సెల్‌ఫోను మూడుసారులు మ్రోగెను. మొదట తల్లి, తరువాత మేనత్త, ఆ తరువాత తమ్ముడు. ప్రొద్దుట వార్డు, మధ్యాహ్నము క్లాసు, సాయంకాలము రికార్డు పుస్తకములు వ్రాయుట, కొన్ని వారములు రాత్రి డ్యూటీ. ప్రార్థనకు మోకరించినచో అట్లే నిద్రపట్టుచున్నదని చెప్పి కన్నీరు పెట్టుకొనెను. ఈ చదువు మానివేసి ఇంటికి వచ్చెదను, మా నాయనకు మీరు నచ్చచెప్పవలెను అయ్యగారూ అని మమ్మును బ్రతిమాలెను.

మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. బస్సులో తిరిగి వచ్చుచుండగా ఫ్లారెన్సు నైటింగేలమ్మ జీవితము జ్ఞాపకము వచ్చెను. సెమినరీలో చదువుకొను దినములలో ఆమె చరిత్ర మేము చదివియుంటిమి. చేత దీపము పట్టుకొనిన స్త్రీ అని మాత్రమే లోకము ఆమెను ఎరుగును. కాని ఆమె జీవితమంతయు కాలముతో చేసిన పోరాటమని గ్రహించువారు కొద్దిమంది. నర్సింగు చదువు కుమార్తెలకును, వారిని పంపిన తలిదండ్రులకును అందులో గొప్ప పాఠము కలదు.

పెద్దయింటి కుమార్తె

ఫ్లారెన్సు 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణమందు జన్మించెను. ఆ పట్టణము పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లాండు దేశపు ధనవంతులు. వారికి వేసవికొక యిల్లు, శీతకాలమునకొక యిల్లు. తండ్రి తన యిద్దరు కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను స్వయముగా నేర్పెను. చిన్నతనమునుండి ఫ్లారెన్సుకు లెక్కలయందు మిక్కుటమైన ఆసక్తి యుండెను.

1837 ఫిబ్రవరి 7న, తనకు పదహారేండ్ల వయస్సున, దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె రూఢిగా నమ్మెను. ఆ దినమును జీవితాంతము మరువలేదు. అయితే ఏ సేవకు పిలిచెనో ఆమెకు అప్పుడు తెలియలేదు. కొన్ని సంవత్సరములకు, రోగులకు పరిచర్య చేయుటయే ఆ పిలుపని ఆమెకు తేటపడెను. 1845లో ఒక ఆసుపత్రికి వెళ్లి నర్సు పని నేర్చుకొందునని ఇంటిలో చెప్పగా తల్లియు అక్కయు గొల్లుమనిరి. ఆ కాలమున నర్సులనగా త్రాగుబోతులనియు నడవడిలేనివారనియు లోకములో పేరు. మర్యాదగల యింటి కుమార్తె ఆ పనికి పోవుటా అని వారు అడ్డగించిరి.

తరువాతి సంవత్సరములు ఆమెకు చెరసాలవలె గడచెను. తిండికిగాని బట్టకుగాని ఆమెకు కొదువలేదు, కొదువయైనది కాలమే. ఉదయమున తండ్రి వార్తాపత్రికను బిగ్గరగా చదువుచుండగా కుమార్తెలు కూర్చుండి వినవలెను. తరువాత అతిథులు వచ్చెదరు, బండిమీద షికారు, రాత్రి విందు. ఎవరు పిలిచినను ఇంటి కుమార్తె వెంటనే లేచి రావలెను. ఆమె చేయు పని పనిగా ఎవరికిని కనబడదు. పురుషుని గంటకు వెల కలదు, స్త్రీ గంటను ఎవరైనను తీసికొనవచ్చునను ఈ అన్యాయమునుగూర్చి ఆమె 1852 ప్రాంతమున ఒక ఘాటైన వ్యాసమును వ్రాసెను.

అయినను ఆమె ఊరక కూర్చుండలేదు. ఇంటివారు లేవకముందే చీకటితో లేచి, కొవ్వొత్తి వెలుగున ఆసుపత్రుల నివేదికలను చదివి, లెక్కలను పుస్తకములలో వ్రాసికొనెడిది. ఉపాహారపు గంట మ్రోగగానే ఏమియు ఎరుగనిదానివలె క్రిందికి దిగి వచ్చెడిది. ఈలాగు సంవత్సరములు గడచెను. యూరపు ఖండములో ఏ ఆసుపత్రి ఎట్లు నడచుచున్నదో ఆమెకు తెలిసినంత ఇతరులకు తెలియుట అరుదాయెను.

మరియొక శత్రువు ఆమెకు లోపలనే యుండెను. పగటికలలు కనుట ఆమెకు అలవాటు. గొప్ప కార్యములు చేసినట్లు మనస్సులో ఊహించుకొనుచు గంటలు పోగొట్టుకొనుచున్నానని ఆమె దేవునియెదుట ఎన్నోసారులు దుఃఖపడెను. ఇతరులు దోచుకొనిన కాలమునకంటె తాను పారవేసికొనిన కాలమును గూర్చి ఆమెకు ఎక్కువ వేదన. ఫోను తెరమీద రాత్రి సగము గడుపు మన యువతీయువకులు దీనిని గమనింతురు గాక.

ఒక పల్లె పాదిరిగారి ఆసుపత్రి

జర్మనీ దేశమున కైజర్స్‌వర్తు అను చిన్న యూరు కలదు. అచ్చటి ప్రొటెస్టంటు సంఘమునకు ఫ్లీడ్నరు అను యౌవన పాదిరి కాపరిగా వచ్చెను. వచ్చిన కొద్దికాలమునకే ఆ యూరి బట్టల మిల్లు దివాలా తీసి సంఘము బీదదాయెను. ఆయన హాలెండు, ఇంగ్లాండు దేశములు తిరిగి చందాలు వసూలుచేసెను. 1833లో చెరసాలనుండి విడుదలైన ఒక స్త్రీకి తన తోటలోని చిన్న గదిలో ఆశ్రయమిచ్చెను. 1836లో రోగుల కొరకు ఆసుపత్రి తెరచి, క్రైస్తవ కన్యకలకు పరిచర్య నేర్పనారంభించెను. బీద సంఘపు కాపరి చేసిన ఈ చిన్న పని మనవంటి పల్లె సంఘములకు ధైర్యమునిచ్చును గదా!

1850లో ఫ్లారెన్సు ఆ స్థలమును దర్శించెను. 1851లో ఇంటివారి కోపమును భరించి, మూడు నెలలు అక్కడనే యుండి శిక్షణ పొందెను. అప్పటికామెకు ముప్పదియొక యేండ్లు. తెల్లవారి 5 గంటలకు లేచుట, 6 కాకముందే ఉపాహారము, దినమునకు నాలుగు పూటల భోజనము, ఒక్కొక్క భోజనమునకు పది నిమిషములే. తన బట్టలు ఉతుకుటకు వేయుటకైనను తీరిక లేనన్ని పనులు. వారములో కొన్ని సాయంకాలములు అందరును కూడి బైబిలు పాఠము. విందులలో విసిగిపోయిన ఆ ధనవంతుని కుమార్తె ఇచ్చట మిక్కిలి సంతోషముగా నుండెను. తీరిక లేకపోవుట ఒకటి, కాలము వ్యర్థమగుట వేరొకటి. ఈ రెంటి భేదమును ఆమె అక్కడ చవిచూచెను.

యుద్ధపు ఆసుపత్రి

1853లో ఆమె లండనులో రోగులైన స్త్రీల కొరకైన ఒక చిన్న ఆసుపత్రికి పెద్దగా నియమింపబడెను. మరుసటి యేట రష్యాతో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, గాయపడిన ఇంగ్లీషు సైనికులు దిక్కులేక చనిపోవుచున్నారని వార్తలు వచ్చెను. యుద్ధమంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఆమెను వేడుకొనగా, 38 మంది స్త్రీలతో బయలుదేరి 1854 నవంబరు 4న టర్కీలోని స్కుటారి చేరెను.

పదునేడు సంవత్సరములు ఆమె ఈ ఘడియకొరకే కనిపెట్టెను. కాని అక్కడి సైనిక వైద్యులు స్త్రీలు తమకు అక్కరలేదని ముఖము త్రిప్పుకొనిరి. ఆమె తొందరపడి వార్డులలోనికి చొరబడలేదు. తన నర్సులను కూర్చుండబెట్టి కట్టుగుడ్డలు, చొక్కాలు కుట్టించెను. కొద్ది దినములలోనే గాయపడినవారు గుంపులుగుంపులుగా రాగా వైద్యులే వచ్చి సహాయమడిగిరి. పరుగెత్తుటకు ఒక సమయము, నిలిచి కనిపెట్టుటకు ఒక సమయము కలవని ఆమె ఎరిగియుండెను.

వంటశాల, చాకలిశాల, సామగ్రి గది ఒక్కొక్కటిగా ఆమె చక్కపరచెను. రాత్రులు దీపము పట్టుకొని వార్డులు తిరిగెను. చనిపోయినవారి తల్లులకు, భార్యలకు ఉత్తరములు వ్రాసెను. అయినను ఆ చలికాలమంతయు వేలమంది చనిపోయిరి. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘమువారు వచ్చి మురుగు కాలువలను బాగుచేయించి గాలి వెలుతురు కలిగించిన తరువాతనే మరణములు బహుగా తగ్గెను. గాయములకంటె మురికియే ఎక్కువమందిని చంపెనని లెక్కలు వేసి చూచినప్పుడు ఆమె గ్రహించి, మిగిలిన జీవితమంతయు ఆ పాఠమును దేశములకు బోధించెను. 1858లో ఇంగ్లాండు గణాంక శాస్త్ర సంఘమునకు సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమెయే.

నర్సుల పాఠశాల

ఆమెపైనున్న కృతజ్ఞతచే ప్రజలు కూర్చిన ధనము సుమారు 45,000 పౌనులు. ఆ సొమ్ముతో 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రియందు నర్సుల పాఠశాల తెరువబడెను. మొదటి విద్యార్థినులు 15 మంది. శిక్షణ ఒక సంవత్సరము. లేచుటకు, వార్డుకు, భోజనమునకు, బయట గాలిలో తిరుగుటకు, నిద్రకు వేళలు నిర్ణయింపబడెను. ప్రతి విద్యార్థినియు దినచర్య పుస్తకము వ్రాయవలెను. నేడు మన బిడ్డలు వ్రాయు రికార్డు పుస్తకములకు అది తల్లివంటిది.

అయితే ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. పదేండ్లు గడచిన తరువాత ఆమె విచారించి చూడగా, పాఠశాల అనుకొనినట్లు నడచుటలేదు. ఆసుపత్రివారు విద్యార్థినులను వార్డు పనికి చేతులుగా వాడుకొనుచుండిరి. వైద్యుల ఉపన్యాసములు అశ్రద్ధ చేయబడెను. చదువుకొనుటకు బిడ్డలకు బలముగాని కాలముగాని మిగులుటలేదు. అంతట ఆమె ఆ పిల్లలు సోమరులని నిందింపలేదు. వారి పుస్తకములను తెప్పించి చదివెను, వారిని తన యింటికి పిలిచి మాటలాడెను. ఉపన్యాసములను మరల క్రమపరచి, వారి పాఠములను క్షేమమును చూచుటకు ప్రత్యేకముగా ఒక పెద్దక్కను నియమించిరి. 1872 మొదలుకొని ఆమె నర్సులకు హితబోధగా ఉత్తరములు వ్రాయుచు వచ్చెను. నర్సింగు చదువు బిడ్డకు కాలము చాలనప్పుడు తప్పంతయు బిడ్డది కాదు. ఆమె చుట్టునున్న పెద్దలు ఆ కాలమును ఏమి చేయుచున్నారో చూడవలెను.

1859లో వెలువడిన నర్సింగును గూర్చిన చిన్న పుస్తకములో ఆమె కాలమునుగూర్చి చాల చెప్పెను. బలహీనుడైన రోగికి ఆహారము పట్టు వేళ ఒకటుండును. ఆ వేళ తప్పినయెడల, తరువాత ఎంత మంచి ఆహారము పెట్టినను అతడు తినలేడు. రోగి ప్రక్కన నిలుచుండి తొందరతో మాటలాడుట అతనికి బాధ. కూర్చుండి నెమ్మదిగా మాటలాడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తానున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటు చేయునదియే మంచి నర్సు అని ఆమె బోధ. అన్నియు నేనే చేయవలెనని పరుగెత్తునది ప్రయాసపడును, రోగియు నష్టపడును.

మంచముమీదనుండి

యుద్ధభూమిలో తగిలిన జ్వరముచేత ఆమె ఆరోగ్యము చెడి, 1857 తరువాత అనేక సంవత్సరములు మంచమును గదిని విడువలేని స్థితి కలిగెను. మిగిలిన కొద్ది బలమును లెక్కగా వాడుకొనెను. దర్శనమునకు వచ్చువారు ముందు అనుమతి పొంది, ఒక్కొక్కరుగా రావలెను. ఆ మంచముమీదనుండి వేలకొలది ఉత్తరములు వ్రాసెను. మన దేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. అయినను 1863లో వెలువడిన భారతదేశ సైన్యారోగ్య నివేదికకు ఆమెయే ప్రాణము. గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ దొరగారితో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, మన రైతులకు కాలువనీరు కావలెనని ఇంగ్లాండులో వాదించెను. గోదావరి నీటితో పండిన అన్నము తినువారు ఈమెను పరాయిదని ఎంచరాదు.

ఆమెయందు లోపమును కలదు. తనవలెనే ఇతరులును విశ్రాంతిలేక పనిచేయవలెనని ఆమె కోరెను. సిడ్నీ హెర్బర్టు జబ్బుతో క్షీణించుచున్నను అతనిని పనికి త్వరపెట్టుచునే యుండెను. 1861లో అతడు చనిపోగా ఆమె మిక్కిలి కుమిలిపోయెను. కాలమును పొదుపుచేయ నేర్చిన ఆమెకు, దానిని విడిచి విశ్రమించుట తెలియలేదు. పరిశుద్ధులని మనమెంచువారును మట్టిపాత్రలే.

1910 ఆగస్టు 13న తొంబదియవ యేట ఆమె నిద్రించెను. రాజులను పాతిపెట్టు దేవాలయములో సమాధికి చోటిచ్చెదమనినను బంధువులు ఒప్పుకొనలేదు. పల్లెటూరి గుడి ఆవరణములో పాతిపెట్టిరి. రాతిమీద పేరుకైన రెండు అక్షరములు, జననమరణ కాలములు మాత్రమే చెక్కిరి.

ఆమె వెలిగించిన దీపము మన తెలుగు నేలకును వచ్చెను. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు 1898లో స్త్రీలకు పిల్లలకు ఆసుపత్రి తెరచిరి. అటువంటి మిషను ఆసుపత్రులలో మన సంఘముల కుమార్తెలు నర్సు పని నేర్చి, అనేక కుటుంబములను నిలువబెట్టిరి.

ధ్యానము

ప్రియులారా, కపెర్నహూములో మన ప్రభువు గడిపిన ఒక రాత్రిని మార్కు సువార్త మొదటి అధ్యాయములో చూడుడి. ప్రొద్దుగ్రుంకిన తరువాత పట్టణమంతయు వాకిట కూడెను. ఆయన అనేకులను స్వస్థపరచెను. అది ప్రభువుయొక్క రాత్రి డ్యూటీ యనవచ్చును. ఇంకను చీకటియుండగానే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను. అందరును వెదకుచున్నారని శిష్యులు వచ్చి చెప్పిరి. అయితే ఆయన వెనుకకు తిరిగి పోలేదు. తాను పంపబడిన పనికై ఇతర గ్రామములకు సాగిపోయెను. అందరు పిలిచినచోటికెల్ల పోవుట ప్రేమకాదు. తండ్రి పంపిన చోటికి పోవుటయే ప్రేమ. పిలుపు తేటగానున్నవానికే దినము తేటపడును.

ఆ ప్రభువే ఆరవ అధ్యాయములో, భోజనమునకైనను తీరికలేని శిష్యులను ప్రక్కకు పిలిచి విశ్రాంతి తీసికొనుమనెను. నైటింగేలమ్మ నేర్వని ఆ పాఠమును మన బిడ్డలు నేర్వవలెను. అలసిన నర్సు మందు తప్పు కొలుచును. కనుక నిద్రయును దేవుని పనిలో భాగమే.

ఇక తలిదండ్రులారా, మీతో ఒక మాట. బిడ్డ చదువునకు ఫీజు కట్టితిమని అనుకొనుచున్నారు. ఆమెకు కాలమును ఇచ్చితిరా? పొలము గొడవ, పెండ్లి మాటలు, చుట్టముల అలుకలు, ఇవన్నియు వార్డులోనున్న బిడ్డ చెవిలో పోయుచున్నాము. కుమారుడు ఆఫీసులో నున్నాడన్నచో ఫోను పెట్టివేయుదుము. కుమార్తె వార్డులో నున్నదన్నచో ఒక్క మాటేనందుము. మమ్మును మేము తప్పించుకొనుటలేదు. క్రిస్మసు పాటలు నేర్పుటకు రావలెనని ఆ బిడ్డను రెండుసారులు ఫోనుమీద ఒత్తిడి చేసినది మేమే. ఆమె రాలేదని మనస్సులో కష్టపెట్టుకొనినదియు మేమే. ఆ టీ కొట్టు బల్లమీద మాకు సిగ్గు కలిగెను.

ఊరు చేరిన తరువాత ఆమె తలిదండ్రులతో కూర్చుండి ప్రార్థించి ఒక ఏర్పాటు చేసికొంటిమి. ఆపద ఉన్నప్పుడు తప్ప, ఆదివారము సాయంకాలముననే ఇంటినుండి ఫోను. సంఘపు పనికి సెలవులలో తప్ప పిలువము. ఆమెకు మేము చెప్పినది ఇంతే: అలసి మోకరించి నిద్రపోవుటకంటె, వార్డుకు పోవు దారిలో పది నిమిషములు ప్రభువుతో నడువుము, రేపటి పనిని రాత్రియే ఒక కాగితముమీద వ్రాసి, దానిని ఆయన చేతికి అప్పగించి పండుకొనుము, నీకు మించిన భారము కలిగినప్పుడు దాచక మీ టీచరమ్మకు చెప్పుము. చదువు మానుటను గూర్చి పరీక్షలు అయిన పిమ్మట మాటలాడుదమంటిమి. ఆమె ఒప్పుకొనెను. పరీక్షలు ఇంకను కాలేదు. సంఘమంతయు ఆ బిడ్డ కొరకును, దూరపట్టణములలో రోగుల ప్రక్కను మేలుకొనియున్న మన కుమార్తెలందరికొరకును ప్రార్థింతురని వేడుకొనుచున్నాము.

ప్రార్థన: మా దినములను నీ చేతిలో నుంచుకొనిన తండ్రీ, ఇతరుల గంటలను తేలికగా దోచుకొనిన మా తప్పును క్షమించుము. పని చేయుటకును, విశ్రమించుటకును, నీ పిలుపును వినుటకును మా బిడ్డలకు జ్ఞానమిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.